అంగారకుడిపై కంపెనీ దొర

అంగారకుడి మీద ఓ కంపెనీ కాలనీ, దానిపై తిరుగుబాటుదారుల దాడి అంటే ఉత్త కట్టుకథేనంటారు గానీ, ఎలాన్ మస్క్ కంపెనీ మాత్రం కాగితాలు ముందే సర్దుకుంది. అంగారకుడు స్వేచ్ఛా గ్రహమని, భూమ్మీది ఏ ప్రభుత్వానికీ అక్కడ అధికారం లేదని 2020లోనే స్టార్‌లింక్ ఇంటర్నెట్ షరతుల్లో రాసేసింది. ప్రైవేటు సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు వాటి దేశాలదే బాధ్యతన్న 1967 అంతరిక్ష ఒప్పందం అటకెక్కినట్టే! అంగారకుడికి వెళ్లేందుకు డబ్బుల్లేనివారికి అప్పులుంటాయని, అక్కడ బోలెడు ఉద్యోగాలుంటాయని మస్క్ దొర సెలవిచ్చారు కూడా. ఇష్టపడే కదా వెళ్లేది అంటారా? అప్పు, జీతం, ఆక్సిజన్ మూడూ ఒకే చేతిలో ఉన్నచోట ఇష్టానికి విలువెంత? రాకెట్ ఎక్కినంత మాత్రాన వెట్టి వెట్టి కాకుండా పోదు. కంపెనీ పాలన మనకు కొత్తేమీ కాదు: 1600లో వ్యాపారానికని పుట్టిన ఈస్టిండియా కంపెనీ పాలన 1858లో గానీ పోలేదు. అదీ సిపాయిలు తిరగబడ్డాకే. టికెట్ కొనేవాళ్లు సంతకానికి ముందు ఆ షరతు ఒకసారి చదువుకోండి.