కడిగిన గిన్నెను కడిగే యంత్రం

హోటళ్ళు, ఆసుపత్రులు, విద్యార్థి వసతిగృహాల వంటశాలల్లో గిన్నెలు, బాణలులు, ట్రేలు కడగడానికి తయారయ్యే భారీ యంత్రాల చరిత్రను వాటి బ్రోచర్లను బట్టి రాస్తే అది ఓటమి ఎరుగని జైత్రయాత్రగా కనిపిస్తుంది. అవే యంత్రాల మాన్యువళ్ళను బట్టి రాస్తే మాత్రం సంగతి కొంత వేరుగా ఉంటుంది. బ్రోచరు మొదటి పుటలో ఎంతటి మొండి మాడునైనా చిటికెలో వదిలిస్తానని శపథం చేసిన యంత్రమే, మాన్యువల్ లోపలి పుటలకు వచ్చేసరికి గొంతు తగ్గించి, పాత్రలోని మెతుకులను ముందుగా గీకి పారేయాలని, అడుగంటినదాన్ని నానబెట్టాలని, వీలుంటే స్ప్రే గొట్టంతో ఒకసారి కడిగి మరీ లోపల పెట్టాలని వేడుకుంటుంది. శుభ్రమైన పాత్రను శుభ్రపరచడంలో ఈ యంత్రానికి సాటి వచ్చేది ఇంతవరకు పుట్టలేదని ఒప్పుకోక తప్పదు.

ఈ వంశానికి మూలపురుషుడు లేడు, మూలమహిళ ఉంది. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం షెల్బీవిల్‌లో నివసించిన జోసెఫీన్ కాక్రేన్ 1886 డిసెంబరు 28న పేటెంటు పొందిన యంత్రం, తీగల అరల్లో పళ్ళేలను కదలకుండా నిలిపి వాటి మీదికి సబ్బునీటిని ఒత్తిడితో చిమ్మేది. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో అది బహుమతి అందుకుంది, హోటళ్ళు దాన్ని కొన్నాయి. పనివాళ్ళు కడిగేటప్పుడు ఖరీదైన పింగాణీ పళ్ళేల అంచులు పెచ్చులూడుతున్నాయన్న బాధ నుంచి ఆమెకు ఈ ఆలోచన పుట్టిందని చెబుతారు కనుక, తొలి యంత్రం చేతులను అంట్ల నుంచి కాపాడటానికి కాక, పింగాణీని చేతుల నుంచి కాపాడటానికే అవతరించిందన్నమాట. ఆ తర్వాత వచ్చిన వారసులు చాలా విషయాల్లో మారినా, చేతిని లెక్కలోకి తీసుకోకపోవడమనే కుటుంబ సంప్రదాయాన్ని మాత్రం నిష్ఠగా కాపాడుకొస్తున్నారు.

పళ్ళెం కడగడం వేరు, వండిన పాత్రను కడగడం వేరు. పళ్ళెం మీద ఆహారం వచ్చి కూర్చుంటుంది. పాత్రలో అది పుట్టి, పెరిగి, కాలి, లోహాన్ని పట్టుకుని స్థిరపడుతుంది. పిండిపదార్థమూ చక్కెరా బొగ్గుగా మారగా, నూనె వేడికి వార్నిషులాంటి పొరగా గట్టిపడగా ఏర్పడే ఆ పదార్థాన్నే తెలుగువారు మాడు అంటారు. దీన్ని వదిలించే విద్యకు 1959లో జర్మనీకి చెందిన హెన్కెల్ సంస్థలోని రసాయనవేత్త హెర్బర్ట్ సిన్నర్ ఒక సూత్రం చెప్పాడు: శుభ్రతకు కావలసినవి రసాయనం, వేడి, యాంత్రిక బలం, కాలం అనే నాలుగు అంశాలు, వీటిలో ఒకటి తగ్గితే మిగిలినవి ఆ మేరకు పెరగాలి. సిన్నర్ వలయం అని పేరు పొందిన ఈ సూత్రాన్ని పరిశ్రమ ఎంతో గౌరవంగా ఉదహరిస్తుంది. అయితే కొత్త నమూనా వచ్చినప్పుడల్లా నీరు తగ్గింది, డిటర్జెంటు తగ్గింది, కరెంటు తగ్గింది, కడిగే సమయమూ తగ్గిందని ఒకే ఊపిరిలో చాటుతుంది. వలయంలో అన్నీ తగ్గినా పాత్ర తళతళలాడుతున్నదంటే, పెరిగినదేదో బ్రోచరుకు కనబడని చోట పెరిగి ఉండాలి. ఆ చోటు యంత్రానికి పక్కనే ఉన్న తొట్టె. పెరిగినది ఆ తొట్టె దగ్గర నిలబడ్డ మనిషి మోచేతి బలం. సొమ్మొకడిది, సోకొకడిది.

మెరుగుదలల్లో అత్యంత తెలివైనదిగా పేరు పొందినది కొన్ని యంత్రాల్లో అమర్చే మురికి సెన్సర్. నీటిలోకి కాంతికిరణాన్ని పంపి, అది ఎంత చెదిరిందో కొలిచి, ఆ నీరు ఎంత మురికిగా ఉన్నదో చెప్పే పరికరమిది. దీని చూపు నీటి మీదే తప్ప గిన్నె మీద ఉండదు. సాంబారు అంటిన గిన్నె నీటిని వెంటనే కలకబారుస్తుంది కాబట్టి నేరస్థురాలిగా పట్టుబడుతుంది. పొద్దుటినుంచి పొయ్యి మీద కాలిన మాడు తన స్థానం నుంచి అంగుళమైనా కదలదు కాబట్టి నీరు తేటగానే ఉండి, ఆ గిన్నె నిర్దోషిగా విడుదలవుతుంది. ఎంత గట్టిగా అంటుకుంటే అంత శుభ్రమని తేల్చే ఈ న్యాయస్థానానికి కృత్రిమ మేధ అనే బిరుదు రావడానికి ఎంతో కాలం పట్టకపోవచ్చు.

రెండో ఘనత వేడికి సంబంధించినది. అమెరికా ప్రమాణాల ప్రకారం వేడినీటితో క్రిములను చంపే చాలా యంత్రాల్లో చివరి జాడింపు నీరు 82 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండాలి, పాత్ర ఉపరితలం 71 డిగ్రీలకు చేరాలి. ఇది ప్రాణాలు కాపాడే నియమమే. ఇబ్బందల్లా ఉష్ణోగ్రతను కొలవడం తేలిక, మాడును కొలవడం కష్టం కావడంలో ఉంది. అందుకే అమ్మకందారు నోట క్రిమిరహితం, శుభ్రం అనే రెండు మాటలు ఒకటైపోతాయి. బాణలి అడుగున నల్లటి పొర చెక్కుచెదరకుండా ఉన్నా, అది 71 డిగ్రీలు చూసి వచ్చింది కనుక శాస్త్రోక్తంగా పునీతమైన మాడు అవుతుంది.

మూడోది నీటి పొదుపు. అమెరికాలో ఎనర్జీ స్టార్ అనే ప్రభుత్వ గుర్తింపు ముద్ర కోసం వంటపాత్రల యంత్రాల నీటి వాడకాన్ని పాత్రలు పెట్టే అర వైశాల్యంలో చదరపు అడుగుకు ఇన్ని గ్యాలన్లని లెక్కిస్తారు. ఈ గణితంలో పల్చటి ట్రే, లోతైన గుండిగ ఒకే స్థలం ఆక్రమిస్తే రెండూ సమానమే. పక్కన తొట్టె మీద వేలాడే స్ప్రే గొట్టం నుంచి పోయిన నీరు ఆ లెక్కలోకి రాదు. ఆ గొట్టం తాగేది కొంచెమేమీ కాదనడానికి సాక్ష్యం అదే ప్రభుత్వం దగ్గర ఉంది: అటువంటి గొట్టాలు నిమిషానికి 1.6 గ్యాలన్లకు, అంటే సుమారు 6 లీటర్లకు, మించి వదలరాదని 2005 నాటి ఇంధన చట్టం శాసించింది, 2019లో ఆ హద్దును ఇంకా బిగించారు. యంత్రం ఒక దఫాకు రెండు లీటర్లు పొదుపు చేసిందని ముద్ర వేయించుకుంటుంటే, ఆ పొదుపుకు పాత్రను సిద్ధం చేసే గొట్టం ఇరవై సెకన్లలో దాన్ని తాగేసి మౌనంగా వేలాడుతుంటుంది. కడిగాక కూడా మాడు మిగిలితే, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముందుగా సరిగా నానబెట్టలేదన్న తప్పు మనిషి మీదికి వస్తుంది.

ఇంతమందిలో నిజాయితీపరులు స్వీడన్‌లో కనిపిస్తారు. గ్రానుల్‌డిస్క్ అనే సంస్థ, ఉత్త నీటి తాకిడికి మాడు లొంగదని ఒప్పుకుని, నీటిలో చిన్న ప్లాస్టిక్ గింజలను కలిపి పాత్రల మీదికి బలంగా చిమ్మే యంత్రాలను తయారుచేసింది. నానబెట్టి తోమే పని దీనితో చాలావరకు తప్పుతుంది. గింజలు రాపిడికి అరుగుతాయి, మార్చుకోవాలి. మట్టిలో కలిసిపోయే రకం గింజలు కూడా తర్వాత వచ్చాయి. ఏటి ఒడ్డున ఇసుకతో, కొబ్బరిపీచుతో, పొయ్యిలోని బూడిదతో ఇత్తడి గుండిగలు తోమినవారికి ఈ ఆవిష్కరణలో కొత్తగా తోచేది ప్లాస్టిక్ ఒక్కటే. బూడిదలోని క్షారం జిడ్డును సబ్బుగా మార్చేది, ఇసుక రాపిడినిచ్చేది, చింతపండు పులుపు చిలుమును కరిగించేది. సిన్నర్ వలయం ఆయన పుట్టకముందే పెరట్లో తిరుగుతుండేది.

ఈ వాక్యం చదవగానే మన పూర్వీకులకు అన్నీ ముందే తెలుసని ఉప్పొంగేవారు ఒక్క క్షణం ఆగడం మంచిది. ఇసుకతో తోమే విద్య తెలిసినవారు, ఆ విద్యను గొప్పగా చెప్పుకున్నవారు సాధారణంగా ఒకే ఇంటి ఒకే గదిలో కూర్చునేవారు కాదు. తోమినవారి గోళ్ళు అరిగాయి, గర్వించినవారి ఛాతీలు పెరిగాయి. పాత గొప్పలు చెప్పేవారికీ కొత్త యంత్రాలు అమ్మేవారికీ ఉన్న చుట్టరికం ఇదే: ఇద్దరి కథల్లోనూ తోమే చేతులు కనిపించవు.

ఈ యంత్రాలు హైదరాబాదు హోటళ్ళకు వచ్చేసరికి వ్యంగ్యం తనంతట తానే చిక్కబడుతుంది. బిర్యానీ వండే పెద్ద డేగిశా యంత్రం తలుపులో పట్టదు. పట్టే చిన్న గిన్నెల్లో చాలావాటి లోహం అల్యూమినియం. మాడును, జిడ్డును కరిగించే ఘాటైన క్షార డిటర్జెంటు అల్యూమినియాన్ని కూడా అంతే ఆప్యాయంగా తిని నల్లబరుస్తుంది కనుక, దానికోసం మెతకైన డిటర్జెంటు కొనాలి. మెతకైనది లోహాన్ని వదిలిపెడుతుంది, మాడునూ వదిలిపెడుతుంది. ఆపైన బోరు నీటి కాఠిన్యం, అంటే నీటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటిలో దీన్ని లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదించి, మరో ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తుంది. మనిషి తాగగలిగిన ఆ నీటిని యంత్రం తాగలేదు. వేడిచేసే కడ్డీల మీద సున్నపు పెచ్చు కడుతుంది, చిమ్ముడు రంధ్రాలు పూడుకుపోతాయి. అందువల్ల నీటిని మెత్తబరిచే మరో యంత్రం, దానికి ఉప్పు బస్తాలు, రెండింటికీ మరమ్మతు ఒప్పందం వెంట వస్తాయి. గిన్నె కడగడానికి పెట్టుకున్న యంత్రానికి పరిచారకులుగా ఇంకో యంత్రమూ ఇద్దరు మనుషులూ కుదురుతారు.

మెరుగుదలలన్నీ బూటకమని దీని అర్థం కాదు. బయటికి పోయే ఆవిరిని పట్టి చల్లబరిచి, ఆ వేడితో లోపలికి వచ్చే చన్నీటిని కాచే ఏర్పాటు కరెంటును ఆదా చేస్తుంది, తలుపు తీసినప్పుడు మనిషి ముఖం మీద కొట్టే సెగను తగ్గిస్తుంది. జాడించిన నీటినే తర్వాతి దఫా కడగడానికి వాడుకునే పద్ధతి కూడా వివేకమైనదే. ఆవిరి గదిలో పూట గడిపేవారికి ఈ రెండూ నిజమైన ఉపకారాలు. జార్జ్ ఆర్వెల్ 1933లో వెలువడిన తన పుస్తకంలో పారిస్ హోటల్ నేలమాళిగలో అంట్లు కడిగే పనివాడి జీవితాన్ని వర్ణిస్తూ, అసలు ఆ చాకిరీ లోకానికి అవసరమా అని విచారించాడు. ఆ మనిషి శరీరానికి కాస్తయినా ఊరటనిచ్చిన పరికరాన్ని వెక్కిరించడం అన్యాయమవుతుంది. వెక్కిరించవలసింది కొలతలను. లీటర్లు, యూనిట్లు, నిమిషాలు అన్నీ యంత్రం తలుపు మూసిన తర్వాతే మొదలై, తలుపు తెరవగానే ముగుస్తాయి. గీకడం, నానబెట్టడం, తోమడం, బయటికి వచ్చాక మళ్ళీ తోమడం ఆ తలుపుకు ఇవతలే ఉండిపోతాయి.

కాబట్టి ఒక వంటపాత్రల యంత్రం నిజంగా మెరుగుపడిందో లేదో తేల్చడానికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు, వంటశాల సరుకుల పుస్తకం చాలు. యంత్రం దిగిన ఆరు నెలల తర్వాత ఆ పుస్తకంలో స్టీలు పీచు పద్దు తగ్గి ఉంటే అది మెరుగుదల. ఆ పద్దు అలాగే ఉండి, దాని కింద కొత్తగా ఉప్పు బస్తాల పద్దు చేరి ఉంటే, వంటశాల కొన్నది గిన్నెలు కడిగే యంత్రాన్ని కాదు, కడిగిన గిన్నెలను ఎండబెట్టుకునే ఒక ఖరీదైన బీరువాను.