కుక్కగారు వస్తున్నారు, తప్పుకోండి!

పెంపుడు కుక్కను జనం మధ్యకు తీసుకెళ్లాలంటే ముందు దానికి రద్దీ అలవాటు చేయాలంటారు.

అంత శ్రమెందుకు? రద్దీనే ఖాళీ చేయిస్తే పోలా!

2022లో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో జరిగింది అదేనని కోచ్‌లు వాపోయారు. సాయంత్రం ఏడయ్యేసరికి క్రీడాకారులు సర్దుకోవాలి. ఆపై ఓ ఐఏఎస్ దంపతుల శునకం షికారు.

ఎవరినీ వెళ్లమనలేదని అయ్యగారి వివరణ. నిజమే కావచ్చు. అయ్యగార్లు నోరు విప్పాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది గనక?

2010 కామన్వెల్త్ క్రీడలకు కట్టిన స్టేడియం మరి. వీధి కుక్కలకు దక్కుతుందా ఆ భోగం!

పత్రికలో వార్త రాగానే కేంద్రం కదిలింది. అయ్యగారు లద్దాఖ్‌కు, అమ్మగారు అరుణాచల్ ప్రదేశ్‌కు బదిలీ.

రెండు చోట్లా జనం పలచన, జాగా విశాలం. శిక్షో, సౌకర్యమో!

కుక్కకు మాత్రం పోస్టింగ్ ఆర్డరు రాలేదు.

స్టేడియాలు రాత్రి 10 గంటల దాకా తెరిచి ఉంచాలని ఢిల్లీ సర్కారు ఆదేశించింది.

తేలిందేమంటే, రద్దీలోకి తెచ్చే ముందు శిక్షణ ఇవ్వాల్సింది గొలుసు కట్టిన వైపు కాదు, పట్టుకున్న వైపు.