గాలి మండలం తహసీల్దారు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ తహసీల్దారు గారి సముఖమునకు,

విశాఖపట్నంలో ఒక అపార్ట్‌మెంటు డాబా మీద రాగి తీగ కట్టుకుని కాలక్షేపం చేస్తున్న, సరదాకి రేడియోలో దూరాలతో మాట్లాడే హామ్ రేడియో మనిషి నమస్కరించి రాసుకునే అర్జీ.

మీ హోదాకు ఢిల్లీలో ఇంకేదో పొడుగాటి పేరుందని తెలుసు. కానీ మీరు చేసే పని చూస్తే నాకు మా మండలాఫీసే గుర్తొస్తుంది. గాలికి హద్దురాళ్లు పాతుతారు, సర్వే నంబర్లు వేస్తారు, పట్టాలిస్తారు, మంచి చెక్కలన్నీ వేలం వేస్తారు. 2022 స్పెక్ట్రమ్ వేలంలో ఖజానాకు రాసుకున్న మొత్తం లక్షా యాభై వేల కోట్ల రూపాయలు. కంటికి కనబడని ఆస్తికి అంత ధర పలికించిన రెవెన్యూ అధికారి మరొకరుండరు. నా పట్టాకు నేను కట్టింది వెయ్యి రూపాయలు, అదీ ఇరవై ఏళ్లకు. కాబట్టి నా మాటకు ఎంత విలువివ్వాలో మీరు ఇట్టే లెక్క తేల్చేసుకోగలరు. అయినా వినక తప్పదు. క్రికెట్ ప్రసారాల మీద తగువు పడి కోర్టుకెక్కితే, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ లెక్కన నేనూ ఒక వాటాదారునే.

ముందుగా ఒక అనుమానం తీర్చేస్తాను. నేను బ్రాడ్‌బ్యాండ్‌కి శత్రువును కాను. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ముఖం వారానికి రెండుసార్లు చూసేది దాని పుణ్యానే. షార్ట్‌వేవ్ మీద అమెరికాతో మాట్లాడగలను గానీ, అమ్మాయి వండిన గుత్తి వంకాయ కూర అందులో కనిపించదు. నా గొడవల్లా గాలిని మీరు పంచే తీరు గురించే.

ఇల్లు కదలదు కదండీ. ఉదయం ఉన్నచోటే సాయంత్రమూ ఉంటుంది. కదలని ఇంటికి గాలిలోంచి ఇంటర్నెట్టెందుకు? సెల్ టవరు నుంచి ఒక వైపుకి వచ్చే గాలిని ఆ వైపున్న వాళ్లంతా పంచుకోవాలి. నడిచేవాడు, బస్సులో పోయేవాడు, ఆంబులెన్సులో పడుకున్నవాడు, వాళ్లతోపాటే సోఫాలో కూర్చుని సీరియల్ చూసేవాడు. అందుకే రాత్రి తొమ్మిదింటికి అందరికీ చక్రం తిరుగుతుంది. గాజుపోగుకి ఆ బాధ లేదు. వెంట్రుకంత ఫైబర్ ఒక్కటి సెకనుకు రెండు గిగాబిట్ల పైన మోస్తూ ముప్ఫై రెండు ఇళ్లకో అరవై నాలుగు ఇళ్లకో పంచుతుంది. చాలకపోతే పక్కనే ఇంకో పోగు వేసుకోవచ్చు, ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. ఆకాశం మాత్రం ఒక్కటే, రెండోది వేయడానికి కుదరదు. షానన్ అనే గణితవేత్త 1948లోనే ఈ లెక్క చెప్పి పెట్టాడు: బ్యాండు వెడల్పు రెట్టింపైతే మోసే సమాచారం రెట్టింపవుతుంది, పవరు రెట్టింపు చేస్తే దక్కేది కాస్తంతే. అందుకే కంపెనీలన్నీ పవరు అడగవు, మీ దగ్గరికొచ్చి వెడల్పు అడుగుతాయి.

ఈ విషయంలో మన రెండు రాష్ట్రాలూ మంచి పనే మొదలుపెట్టాయి. ఆంధ్రాలో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి నెలకు 149 రూపాయలకు ఇంటింటికీ ఇస్తామన్నారు. తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల గొట్టాలకు తవ్విన కందకాల్లోనే ఫైబర్ కూడా పరిచారు. తవ్విందే మళ్లీ తవ్వే అలవాటున్న మనకు ఇది చిన్న విశేషం కాదు. తరవాత సర్వీసు ఎలా ఉంది, బాక్సు పాడైతే ఎవరొస్తారు అన్నది వేరే పురాణం, దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఆలోచన మాత్రం భేషైంది.

స్తంభం మాటొచ్చింది కాబట్టి అమెరికా వాళ్ల ముచ్చటొకటి చెబుతాను. అక్కడ 2004లో మీవంటి అధికారులే, ఫైబర్ ఎందుకు, ఉన్న కరెంటు తీగల మీదే ఇంటర్నెట్ పంపండి అని కంపెనీలకు దారి తెరిచారు. వినడానికి ఎంత బాగుందో! కానీ కరెంటు తీగకు కవచం ఉండదు. దాని మీద మెగాహెర్ట్జుల్లో సంకేతం పంపితే వీధి పొడవునా అదే యాంటెన్నా అయిపోతుంది. షార్ట్‌వేవ్ అంతా హోరు. అక్కడి హామ్‌ల సంఘం కోర్టుకెక్కింది. అధికారులు తమ సొంత ఇంజనీర్ల పరీక్షా నివేదికల్లో కొన్ని భాగాలు మూసిపెట్టి మిగతావే చూపించారని 2008లో తప్పుపట్టింది కోర్టు. వర్జీనియాలో మనాసస్ అనే ఊరు ఈ పద్ధతికి ఆదర్శమని ఊరేగించారు. 2010లో ఆ ఊరి కౌన్సిలే దాన్ని కట్టేయమని తీర్మానించింది. అలాంటి స్తంభానికే మనవాళ్లు గాజుపోగు కట్టారు. వెలుగు బయటికి కారదు, నా రేడియోకి చెవినొప్పి రాదు.

చెవినొప్పి అన్నది ఊరికే అనలేదు. మీ వేలంపాటలో ఎక్కడా లేని కబ్జాదారుడు ఒకడున్నాడు, వాడి పేరు చౌక అడాప్టరు. ఒక సాయంత్రం ఏడు మెగాహెర్ట్జుల మీద కొలంబో హామ్ ఒకాయన నన్ను పిలుస్తున్నాడు. ఇంతలో బర్రుమని గుడ్డి శబ్దం, సంకేతం బలం చూపే మీటరు ముల్లు ఎస్ తొమ్మిది దగ్గర దిగనని కూర్చుంది. మెయిన్ స్విచ్ కట్టేసి రేడియో సెట్టుని బ్యాటరీ మీద నడిపి చూశాను. శబ్దం అలాగే ఉంది, అంటే మా ఇంట్లోది కాదు. ఇలాంటప్పుడు మావాళ్లు చేసే పని ఒకటే. పాత పాకెట్ ట్రాన్సిస్టర్‌ని మీడియం వేవ్‌లో స్టేషన్ లేనిచోట పెట్టి, చెవి దగ్గర పట్టుకుని నడవడం. దాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే ఒక దిక్కున హోరు పెరుగుతుంది, ఒక దిక్కున సన్నగిల్లుతుంది. అలా మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, వరండాల్లో తిరుగుతుంటే కింది అంతస్తు కుర్రాడు అడిగాడు: “ఏం బాబాయ్ గారూ, స్కోరెంత?”

దొంగ వాళ్లింట్లోనే దొరికాడు. వైఫై పెట్టెకి అసలు వచ్చిన అడాప్టరు కాలిపోతే, బజారులో ఏ ముద్రా లేనిదొకటి తెచ్చి పెట్టారు. అందులో కరెంటుని సెకనుకు వేలసార్లు కోసే స్విచ్ ఉంటుంది. ఆ కోతలో పుట్టే చెత్తని ఆపడానికి రెండు మూడు చిన్న విడిభాగాలుండాలి. వాటిని మిగుల్చుకుని ధర తగ్గించారన్నమాట. నా దగ్గరున్న ఫెరైట్ రింగుకి దాని వైరుని ఏడెనిమిది చుట్లు చుట్టించాను. హోరు సగం పైగా పడిపోయింది. “దీని వల్ల స్పీడ్ పెరుగుతుందా బాబాయ్ గారూ?” అన్నాడు కుర్రాడు ఆశగా. పెరగదన్నాను. వాళ్ల రౌటరు దేవుడి గూటి పక్కన ఇనప బీరువా మీద ఉంది. దాన్ని హాల్లోకి మార్చమన్నాను, స్పీడ్ దానికి పెరిగింది. మన దేశంలో నెట్ స్లో అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మందు పెద్ద ప్యాకేజీ కాదు, పెట్టెని గోడ అవతలినుంచి ఇవతలికి తేవడం. ఐదు గిగాహెర్ట్జుల తరంగానికి సిమెంటు గోడంటే మహా బెంగ.

ఇలా ఒక అడాప్టరుని పట్టుకోగలను. వీధిలో ఎల్‌ఈడీ బల్బులు, డాబాల మీద సోలార్ ఇన్వర్టర్లు, ఛార్జర్లు లెక్కలేనన్ని ఉన్నాయి. చెరువులో వ్యర్థాలు కలిపితే నోటీసిస్తారు. గాలి మండలంలో కలిపితే అడిగే నాథుడు లేడు. మీరు లక్షల కోట్లకు అమ్మిన చెక్కలకు కాపలా గట్టిగానే ఉంది, అమ్మని చెక్కలే దిక్కులేనివైపోయాయి.

ఆ అమ్మని చెక్కల గురించే నా అసలు మనవి. మీ శాఖ వంశచరిత్రలో ఒక తమాషా ఉంది. 1912లో అమెరికా ప్రభుత్వం హామ్‌లను 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాల్లోకి తోసేసింది. ఆ రోజుల లెక్కలో అది ఉత్త బంజరు, నాలుగూళ్లు దాటి పోదనుకున్నారు. 1923 నవంబరులో ఫ్రాన్సు నుంచి లియోన్ డెలోయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ ఆ బంజరులోనే సుమారు 110 మీటర్ల మీద అట్లాంటిక్ దాటి మాట్లాడుకున్నారు. ఆ మాట తెలియడమే ఆలస్యం, కంపెనీలూ ప్రభుత్వాలూ టేపులు పట్టుకుని సర్వేకి దిగిపోయాయి. 1985లో మళ్లీ అదే కథ. మైక్రోవేవ్ ఓవెన్ల రొదతో ఎవరికీ అక్కరలేని 2.4 గిగాహెర్ట్జుల పోరంబోకుని లైసెన్సు లేకుండా వాడుకోండని అమెరికాలో వదిలేశారు. అందులో మొలిచిందే వైఫై. మన దగ్గర 2005లో వదిలారు. ఒక్క రూపాయి వేలం రాని ఆ చెక్క మీద ఇవాళ దేశంలో ఎన్ని ఇళ్లు, ఆఫీసులు నడుస్తున్నాయో మీరే చూసుకోండి. ఆరు గిగాహెర్ట్జుల బ్యాండులో అమెరికా 2020లోనే 1200 మెగాహెర్ట్జులు వైఫైకి వదిలితే, మీరు 2025 మేలో అందులో 500కి ముసాయిదా వేశారు. సంతోషం. చెయ్యి ఇంకాస్త చాచితే ఇంకా సంతోషం.

వెడల్పే సర్వస్వం అనే మీ ధోరణి మీద కూడా ఒక మాట. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త జో టేలర్ కూడా మా జాతివాడే. ఆయన, స్నేహితుడొకాయన కలిసి 2017లో ఎఫ్‌టీ8 అనే పద్ధతి తెచ్చారు. దానికి కావలసిన వెడల్పు 50 హెర్ట్జులు. ఒక 5జీ ఛానెలు 100 మెగాహెర్ట్జులు, అంటే దానికి ఇరవై లక్షల రెట్లు. ఆ యాభైలోనే, చెవికి వినపడని సంకేతాన్ని హోరు అడుగునుంచి ఏరుకుని, పదిహేనేసి సెకన్ల వంతులతో, రెండు మూడు వాట్లతో సముద్రాలు దాటిస్తున్నారు జనం. సినిమా చూడ్డానికి పనికిరాదు. క్షేమంగా ఉన్నామని చెప్పడానికి పనికొస్తుంది.

క్షేమం కబురు ఎంత అవసరమో మా ఊరికి తెలుసు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు చేతుల్లో ఫోన్లున్నాయి, మాట్లాడ్డానికి టవర్లు లేవు. అంతకు పదేళ్ల ముందు సునామీ రోజున, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందంతో భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్నారు. సరదాగా ప్రపంచంతో మాట్లాడడానికి వెళ్లిన మనుషులు, ఫోన్లు చచ్చిపోయిన ద్వీపాల నుంచి బతికున్నవాళ్ల కబుర్లు వాళ్ల ఇళ్లకు చేరవేశారు. అండమాన్‌లో హామ్ రేడియోకి ఎన్నో ఏళ్ల తర్వాత అప్పుడే అనుమతి దొరికింది. ఆ ఫైలు ఇంకో నెల మీ వంటివారి బల్ల మీద ఉండిపోయుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

కాబట్టి తమరు దయచేసి కదలని ఇళ్లకు గాజుపోగు వేయించండి, కదిలేవాళ్లకు గాలి మిగల్చండి. ముద్ర లేని అడాప్టర్లు దిగుమతయ్యే రేవులోనే నాలుగు పరీక్షలు పెట్టించండి, అవి ఇళ్లకు చేరాక నేను ట్రాన్సిస్టరు పట్టుకుని తిరిగి లాభం లేదు. ఇవేవీ ఈ ఆర్థిక సంవత్సరంలో కుదరవంటారా, కనీసం 7.0 నుంచి 7.2 మెగాహెర్ట్జుల దాకా ఉన్న మా చిన్న చెక్కని ఏ వేలం జాబితాలోనూ ఎక్కించకండి. కొలంబో ఆయనకి నేనింకా జవాబు బాకీ ఉన్నాను.

73లతో (మా హామ్ భాషలో శుభాకాంక్షలతో),
ఒక హామ్
విశాఖపట్నం