నికర బరువు చెప్పేదాన్ని

నా పేరు నికరబరువు. జావాలో స్టాటిక్ మెథడ్‌ని. పెదకాకానిలో మల్లేశ్వరస్వామి గుడికి పోయే దారిలో ఒక అద్దె గదిలో, బీటెక్ చదివే అమ్మాయి నన్ను రాసింది. గుంటూరు మిర్చి యార్డులో కాటా మీద పడిన టిక్కీ, అంటే మిర్చి బస్తా, బరువులోంచి గోతం బరువు తీసేసి చెప్పడం నా పని. ఆ లెక్క ఏ రైతుకైనా ఒకటే. అందుకే నాకు ఆబ్జెక్టు అక్కర్లేదు; యార్డ్ అనే నా క్లాసు పేరు రాసి, చుక్క పెట్టి పిలిస్తే పలుకుతాను.

తర్వాత ఆమె యార్డ్‌కు పిల్ల క్లాసుగా కోల్డ్‌స్టోరేజ్ రాసింది. నేను పబ్లిక్ కాబట్టి వారసత్వంగా అక్కడికీ వెళ్లాను. అయితే అక్కడ సరుకు గోతంతోనే ఉంటుంది, మొత్తం బరువే కావాలి. అందుకని అదే పేరుతో మరో స్టాటిక్ మెథడ్ రాసి, ప్రైవేట్ అని పెట్టింది. కంపైలర్ ఒప్పుకోలేదు. తల్లి క్లాసు అందరికీ ఇచ్చినదాన్ని పిల్ల క్లాసు దాచుకోకూడదు. ఈ నిబంధనంటే నాకు గౌరవం. యార్డ్ దగ్గర దొరికిన పిలుపు కోల్డ్‌స్టోరేజ్ దగ్గర దొరక్కపోతే అది వారసత్వమెలా అవుతుంది? ప్రొటెక్టెడ్‌ను పబ్లిక్ చేయడానికి మాత్రం అడ్డులేదు.

మొదటే నన్ను ప్రైవేట్‌గా రాసి ఉంటే కథ వేరు. పిల్ల క్లాసుకు నేను అందేదాన్నే కాదు. అక్కడ అదే పేరుతో ఏం రాసుకున్నా నాకు సంబంధం ఉండదు. పబ్లిక్, ప్రైవేట్ లాంటి ఏ మాటా రాయకుండా వదిలితే నా హద్దు ప్యాకేజీ. వేరే ప్యాకేజీలోని పిల్ల క్లాసుకు అప్పుడూ అందను.

ఆమె ప్రైవేట్ కొట్టేసి పబ్లిక్ రాసింది. కంపైల్ అయింది. అసలు చిక్కు అప్పుడొచ్చింది. యార్డ్ టైపు వేరియబుల్‌లో కోల్డ్‌స్టోరేజ్ ఆబ్జెక్టు పెట్టి, దాని మీదుగా పిలిచింది. పలికింది నేనే; గోతం బరువు తీసేశాను. మామూలు మెథడ్ అయితే నడిచేటప్పుడు ఆబ్జెక్టును చూసి పిల్ల క్లాసుదే పలికేది. దాన్నే ఓవర్‌రైడింగ్ అంటారు. నా విషయంలో వేరియబుల్ టైపును బట్టి కంపైల్ సమయంలోనే నిర్ణయం అయిపోతుంది. నన్ను పిల్ల క్లాసు మరుగుపరచగలదు, అంతే. ఫైనల్ అని రాసి ఉంటే అదీ కుదరదు. పిల్ల మెథడ్ మీద ఓవర్‌రైడ్ అనొటేషన్ పెట్టి ఉంటే కంపైలర్ అక్కడే ఆపేసేది. ఆ అలవాటు ప్రతి విద్యార్థికీ ఉండాలని నా కోరిక.

2014లో జావా 8 ఇంటర్‌ఫేసుల్లోనూ మావాళ్లకు చోటిచ్చింది. వాటిని అమలు చేసే క్లాసులకు మాత్రం వారసత్వంగా రారు, ఇంటర్‌ఫేస్ పేరుతోనే పిలవాలి. క్లాసుల్లోనూ నన్నలాగే క్లాసు పేరుతో పిలవడం మంచిది. ఆబ్జెక్టును బట్టే లెక్క మారాలంటే స్టాటిక్ అనే మాట తీసేయాలి. రెండు క్లాసుల్లోనూ తీయాలి; ఒకచోట ఉంచి ఒకచోట తీస్తే కంపైలర్ ఊరుకోదు.