ఏడాదికో ప్రాణం: ఓ బీమా కార్డు ఆత్మకథ

అరచేతిలో ఇమిడే అట్టముక్కను నేను. ముఖమ్మీద యజమాని పేరు, సభ్యత్వ సంఖ్య, ‘సిల్వర్’ అని ప్లాన్ పేరు, డాక్టరు దగ్గరికెళ్తే చేతినుంచి కట్టాల్సిన కోపే. వీపు నిండా ఫోన్ నంబర్లు. 2014 జనవరిలో టెక్సస్ రాష్ట్రం ఇర్వింగ్‌లో ఓ తెలుగు దంపతుల ఇంటికి పోస్టులో వచ్చాను. ఆయనది సొంత కిరాణా కొట్టు. ఉద్యోగం కాదు గనక కంపెనీ ఇచ్చే బీమా లేదు. షుగరుంది గనక అంతకుముందు అడిగిన బీమా సంస్థలన్నీ కుదరదన్నాయి. పాత జబ్బు పేరు చెప్పి ఎవరికీ బీమా నిరాకరించకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చాకే నాకు ఆ ఇంట్లో చోటు దొరికింది.

నన్ను కన్నది అఫర్డబుల్ కేర్ యాక్ట్. జనం నోట ఒబామాకేర్. 2010 మార్చిలో ప్రతినిధుల సభలో 219–212 ఓట్లతో గట్టెక్కింది. రిపబ్లికన్లలో ఒక్కరూ అనుకూలంగా ఓటెయ్యలేదు. మార్చి 23న ఒబామా 22 కలాలతో సంతకం పెట్టారు. అదే రోజు కొన్ని రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. మా టెక్సస్ కూడా వాటిలో ఉంది. నేను పుట్టకముందే నా మీద దావా పడింది.

2012 జూన్ 28న సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో చట్టాన్ని నిలబెట్టింది. బీమా తీసుకోనివాళ్లు కట్టే జరిమానాను పన్నుగా లెక్కేసింది. పేదలకిచ్చే మెడికెయిడ్‌ను విస్తరించాలా వద్దా అన్నది మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. టెక్సస్ వద్దంది. దాని ఫలితం మా కొట్లో కౌంటరు దగ్గర నిలబడే ఆవిడకు తెలుసు. ఆమెకు మెడికెయిడ్ రాదు, ప్రీమియానికి ప్రభుత్వమిచ్చే సబ్సిడీ పొందాలంటే సంపాదన చాలదు. జ్వరమొస్తే మాత్ర మింగి పనిలోకి వచ్చేది. అలాంటివాళ్ల చేతికి నేను చేరలేకపోయాను. ఆ లోటు నాకు ఇప్పటికీ ఉంది.

నేను చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకునేది ఒకటుంది. నేనొచ్చిన ఏడాది వేసవిలో మా యజమాని నన్ను కంటి డాక్టరు ఆఫీసులో రిసెప్షన్ అమ్మాయి చేతికిచ్చారు. ఆమె రెండు వైపులా కాపీ తీసుకుని, కంప్యూటర్లో ఏదో చూసి, ‘కూర్చోండి’ అంది. డబ్బు ఎవరు కడతారని అడగలేదు. ఆ పరీక్షలో రెటీనా మీద రక్తపు చుక్కలు కనిపించాయి. సమయానికి లేజరు పెట్టారు, చూపు నిలిచింది. ఆ రాత్రి ఆయన భార్య నన్ను కవర్లో పెట్టి పాస్‌పోర్టుల పక్కన దాచింది.

ఏడాది తిరిగేసరికి ఆ మర్యాద పోయింది. నా ఆయుష్షు డిసెంబరు 31 దాకానే. కొత్త కార్డు రాగానే నన్ను సొరుగు అడుక్కి నెట్టేశారు. పాత కరెంటు బిల్లులు, వారంటీ కాగితాలు, ఏ తాళానివో తెలియని చెవులు నా మీద పడ్డాయి. అంచులు వంకరపోయాయి, ‘సిల్వర్’ అక్షరాలు వెలిసిపోయాయి. ఎవరూ నా మొహం చూడలేదు. అయినా ఏటా జనవరిలో ఒక తోబుట్టువు వచ్చి చేరుతుంటే ఆ చీకట్లో అదే నాకు ధైర్యం. నన్ను కుంగదీసింది వేరే. వచ్చే ఏడు కార్డు ఉంటుందో ఉండదో అని ఆ ఇంట్లో ఏటా పుట్టే భయం.

2017 జులై 28, అర్ధరాత్రి దాటింది. చట్టంలో కీలక భాగాల్ని రద్దుచేసే బిల్లు మీద సెనేట్‌లో ఓటింగ్. రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ సొంత పార్టీని కాదని బొటనవేలు కిందికి చూపారు. 49–51తో బిల్లు ఓడింది. హాల్లో టీవీ కట్టేసిన చప్పుడు అప్పుడు వినిపించింది నాకు.

2018 డిసెంబరు 14, శుక్రవారం. మా ఊరికి దగ్గర్లోనే, ఫోర్ట్‌వర్త్‌లో ఒక ఫెడరల్ జడ్జి చట్టం మొత్తంగా చెల్లదన్నారు. జరిమానాను కాంగ్రెస్ సున్నా చేశాక అది పన్నెలా అవుతుందన్నది వాదన. బీమా నమోదుకు గడువు మర్నాడే. ‘ఇప్పుడు కడితే డబ్బు పోతుందేమో’ అని ఆయన. ‘ముందు కట్టండి, కోర్టుల సంగతి తర్వాత చూద్దాం’ అని ఆవిడ. ఆ కేసు వేసే అర్హతే వాదులకు లేదని సుప్రీంకోర్టు 7–2తో తేల్చింది 2021 జూన్ 17న. రెండున్నరేళ్లు ఆ ఇంటికి పట్టని నిద్రకు ఎవరు జవాబుదారీ?

కోర్టుల్లో నెగ్గాను గానీ డబ్బు లెక్క దగ్గర ఓడాను. 2021లో పెంచిన సబ్సిడీ 2025 డిసెంబరు 31తో ఆగిపోయింది. దాన్ని పొడిగించాలా వద్దా అన్న తగాదాలో అంతకుముందే అమెరికా ప్రభుత్వం 43 రోజులు మూతపడింది. తెరుచుకున్నాకా పొడిగింపు రాలేదు. దారిద్ర్యరేఖకు నాలుగు రెట్లు, అంటే ఇద్దరున్న ఇంటికి 84,600 డాలర్లు దాటితే 2026 ప్లాన్లకు ఒక్క డాలరు సాయమూ లేదు. మా యజమాని ఆదాయం ఆ గీతకు కాస్త పైన. వయసు 62, వయసుతోపాటే ప్రీమియమూ పెరుగుతుంది. నోటీసు రెండుసార్లు చదివి, మడిచి, సొరుగులో నా మీద పెట్టారు. ఈ జనవరిలో పోస్టులో కార్డు రాలేదు.

65 ఏళ్లు నిండితే వచ్చే ప్రభుత్వ బీమా మెడికేర్‌కు ఆయనకింకా మూడేళ్లుంది. ఏటా చేయించాల్సిన కంటి పరీక్ష ఈ ఏడు వాయిదా పడింది. అమెరికాలో ఓటున్న తెలుగువారికి నాదొక్కటే విన్నపం. మీ పర్సులో కంపెనీ ఇచ్చిన కార్డు భద్రంగా ఉన్నా సరే, మీ ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి: కొట్టు నడుపుకునేవాడికి వచ్చే జనవరిలో కార్డు వస్తుందా, రాదా?