పుట్టింట్లో వనవాసం

విద్యాశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగాయన ఒకరు ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ముందు నిలబడి, సిద్ధాంతానికీ విధానానికీ ఆచరణకూ లంకె ఎక్కడుందా అని వెతుకుతున్నారట.

సిద్ధాంతం: చిన్నపిల్లలకు చదువు అమ్మభాషలోనే ఒంటబడుతుంది. 2020 జులైలో జాతీయ విద్యావిధానమూ తలూపింది. కాకపోతే ‘వీలైనచోట’ అని చిన్న తోక తగిలించింది.

విధానం: అదే ఏడాది డిసెంబరులో బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చింది. రైల్వే కొలువులకని తరాల కిందట వెళ్లిన ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు మురిసిపోయారు. మరుసటి వేసవిలోనే ఎన్నికలు. కాకతాళీయం! వేరే అర్థాలు తీయకండి.

ఆచరణ: ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో ఇంగ్లిషు మాధ్యమానికి 2019లో జీవో 81. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేస్తే, సుప్రీంకోర్టుకు పరుగో పరుగు!

తేలిందేమిటంటే, తెలుగుకు బెంగాల్లో పట్టాభిషేకం, పుట్టింట్లో వనవాసం.

ఇక ఆ పార్కు పేరులోని ఈశ్వరచంద్ర విద్యాసాగర్. 1855లో ‘వర్ణపరిచయ్’ అనే చిన్న వాచకంతో బెంగాలీ పిల్లల చేత అక్షరాలు దిద్దించారు. అందులో ‘పరిశోధన పద్ధతులు’ అనే అధ్యాయం లేదు. బహుశా అందుకే పిల్లలకు అర్థమైంది. అంతటివారి పేరు ఇప్పుడు ప్లాట్లకూ షెడ్లకూ బోర్డు.

పరిశోధకా! యూజీసీ 2022 నిబంధనల ప్రకారం మీకు గరిష్ఠ గడువు ఆరేళ్లు. అమ్మభాష గొప్పతనం మీద గ్రంథం ఈలోగా పూర్తిచేయండి.

ఇంగ్లిషులోనే సుమా! పుట్టింట్లో చదివేవాళ్లు ఉండొద్దూ?