దుంకిన నాడె

నేను నాడెను. దుబ్బాకలో ఒక గుంట మగ్గం మీద బతుకుతున్నాను. నున్నటి కర్ర ఒళ్లు, రెండు కొసలా ఉక్కు మొనలు, కడుపులో పేక నూలు చుట్టిన కండె. నేసేటాయన తాడు గుంజితే పిక్కరు వెనక నుంచి గుద్దుతుంది, ఈ పెట్టెలోంచి ఆ పెట్టెలోకి దూసుకుపోతాను.

చేత్తో విసిరి చేత్తో అందుకున్నన్నాళ్లూ మా జాతికి ఇంత దూకుడు లేదు. 1733లో ఇంగ్లండులో జాన్ కే అనే ఆయన తాడుతో కొట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వెడల్పు బట్టకు ఇద్దరు కావలసిన చోట ఒక్కరు సరిపోయారు. లాంకషైర్ మిల్లుల్లో మావాళ్లు మగ్గం దాటి ఎగిరి మనుషుల కళ్లు తీశారు కూడా. తర్వాత అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించారు. పక్కన సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద తిరిగే నా చుట్టాలది మోటారు వేగం, మనిషి చెయ్యి ఆపేలోపే పని జరిగిపోతుంది.

నా దెబ్బ సంగతి చెప్తాను. ఎండాకాలం. గుంటలో కాళ్లు పెట్టి నేస్తే నేల చెమ్మ పోగుకు కాస్త ప్రాణం పోస్తుంది గానీ, మే నెల వడగాలికి ఆ చెమ్మ ఎంతసేపు నిలుస్తుంది? పడుగుకు పట్టిన గంజి కూడా ఆ విడత పలచన. నడిమధ్య ఒక పోగు పుటుక్కున తెగి పక్క పోగులకు చుట్టుకుంది. పై వరుసకూ కింది వరుసకూ మధ్య నా దారిలో చిన్న వల పడ్డట్టయింది.

తెగిన పోగు ఆయన చూడలేదు. నూలు ధర మీద ఎవరితోనో మాట్లాడుతూ తాడు గుంజాడు. నా ముక్కు ఆ చిక్కుకు తగిలి పైకి లేచింది. నేను పరుగెత్తే పలక వదిలేశాను, అంచు దాటాను. పక్కన రాట్నం ముందు కండెలు చుడుతున్న ఆయన భార్య కనుబొమ్మ మీద నా ఉక్కు మొన దిగింది. ఇంకో వేలెడు కిందికైతే కన్నే.

కొంగుతో అదిమి పట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి కారిన నెత్తురు చేతిలోని తెల్ల కండె మీద పడింది. పక్కింటామె పసుపు తెచ్చింది. అంతలో ఎవరో ఆటో పిలిచారు. కుట్లు పడ్డాయి.

ఊరంతా ఒకటే మాట, "నాడె దుంకింది". మనుషులకు ఇది భలే అలవాటు, జారితే మెట్టుది తప్పు, కోస్తే కత్తిది. గుంజింది ఎవరు, గంజి పలచన చేసింది ఎవరు అని అడగరు. నేల మీద పడ్డప్పుడు నా మొన వంకర పోయింది. దాన్ని ఆయన ఆకురాయితో అరగంట సాపు చేశాడు. చిక్కు పోగును మాత్రం ముందే అతికేశాడు.

కట్టుతో తిరిగొచ్చిన ఆమెకు కూడా అదే చెప్పబోయాడు.

"నాడె దుంకిందే, నేనేం జెయ్య..."

"దుంకలే. నువ్వు సూడలే."

మాట్లాడలేదాయన. మర్నాడు రాట్నాన్ని నా అంచు పక్క నుంచి లేపి, ఆయన కూర్చునే చోటికి వెనకగా వేసుకుంది.

"ఇగ దుంకినా నీ మీదికెళ్లే రావాలె," అంది కండె ఎక్కిస్తూ.